థామ్ పాడుచేసిన బోణీ

సైగాన్‌లో బస్సు దిగగానే, ఈ ఊళ్ళో ఎవరూ పడుకోరా ఏమిటి అనుకుంది థామ్. ఇంకా తెల్లారనే లేదు, రోడ్డు నిండా స్కూటర్లు. ఒకదాని మీద బీరువా, ఇంకోదాని మీద మొగుడు, పెళ్ళాం, పిల్లలు, బతికున్న బాతులు. సరే, ఇంతమందికి ఆకలి వేయదా, ఒకళ్ళైనా నా అట్లు తినరా అని తనలో తనే నవ్వుకుంటూ నడిచింది.

బెదిరే మనిషి కాదు థామ్. సొంతూరు బెన్‌చేలో ఏటి గట్టున అరిచి అరిచి కొబ్బరిపాల అట్లు అమ్మిన గొంతు ఆమెది. ఆ గట్టు కాస్తా కోసుకుపోయి, అంగడితో సహా ఏట్లో కలిసింది. ఇప్పుడామెకు కావలసింది ఒక్కటే, పొయ్యి పెట్టుకోవడానికి కాస్త చోటు. చోలాన్ బజారులో పెనాలు అమ్మే లియెన్ కొట్టు అరుగు ఖాళీగా ఉందని చుట్టాలెవరో చెప్పారు. ఆవిడ కాదంటే సాయంత్రం బస్సెక్కాల్సిందే. ఎక్కి వెళ్ళినా అక్కడ బతుకుతెరువు లేదు.

కొట్టు వెతుక్కుని చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. వాళ్ళ ఊళ్ళో అయితే ఆ వేళకి అంగళ్ళు కట్టేస్తారు. వస్తూనే చోటడిగితే చులకనైపోతానని, ముందు ఒక పెనం ఎత్తి వేలితో కొట్టి చూసింది.

"ఎంత పిన్నీ ఇది?"

లియెన్ ధర చెప్పింది.

"అమ్మో! ఆ డబ్బుకి మా ఊళ్ళో పడవే వస్తుంది!" అని పెనం కింద పెట్టేసింది థామ్.

లియెన్ లేచి, పాత పేపరు ముక్క వెలిగించి పెనాల చుట్టూ తిప్పింది. గుమ్మానికి తిప్పింది. ఆఖరికి థామ్ నిలబడ్డ అరుగుకీ తిప్పింది.

థామ్ ముఖం మాడిపోయింది. బోణీ బేరం బెడిసికొడితే పట్టిన దరిద్రాన్ని తరిమే పద్ధతి అది. గట్టు మీద తనెంతమంది వెనకాల అలా కాగితం తిప్పలేదు!

"ఇంత పొద్దెక్కినా బోణీ కాలేదా పిన్నీ?"

"ఇప్పుడేగా తలుపు తీశాను! రోడ్డు మీద జనం తిరుగుతున్నారని కొట్లు కూడా తెల్లార్లూ తీసుంటాయా? అసలెవరివే నువ్వు?"

"మీ అరుగు అడుగుదామని వచ్చాను."

"ఓసి నీ ధైర్యం తగలెయ్య! బోణీ చెడగొట్టి పైగా అరుగు కూడానా? నడు, నడు!"

థామ్ సంచీ భుజానికెత్తుకుంది. సాయంత్రం బస్సు కళ్ళ ముందు కదిలి ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని అక్కడే మింగేసి, ఇందాకటి పెనాన్నే మళ్ళీ ఎత్తి, తన సంచీలోని అట్ల గరిటెతో టంగుటంగున వాయించింది.

"రండక్కా, రండన్నా! అట్టు అంటుకోని పెనం! అంటుకుంటే వచ్చి నన్ను తిట్టండి!"

ఏటి అవతలి గట్టుకి వినబడే గొంతు. స్కూటర్లకు వినబడదా? ఒకటి ఆగింది. దాని మీది అమ్మాయి పెనం తిప్పి చూసి నవ్వింది.

"తిట్టడానికి నిన్నెక్కడ వెతకాలక్కా?"

"ఎక్కడికి పోతానమ్మా? రోజూ ఈ అరుగు మీదే ఉంటాను" అంది థామ్, లియెన్ వైపు చూడకుండా.

పిల్ల బేరమాడకుండా పెనం కొని వెళ్ళిపోయింది. లియెన్ ఆ బోణీ నోటును మిగిలిన పెనాలన్నిటికీ ఒక్కొక్కటిగా తాకించింది. తర్వాత చీపురు తెచ్చి, అరుగు మీద రాలిన కాగితం బూడిద తనే ఊడ్చింది.

"పొయ్యి ఏ మూల పెడతావే?"