మా అవ్వ పోసిన గాలి గొట్టం

నా చిన్నప్పుడు హిందూపురంలో మేము అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట 'దొరకదు'. చక్కెర దొరకదు, కిరోసిన్ దొరకదు, సిమెంటు దొరకదు. పెద్దవాళ్లు ఆ మాట వినీ వినీ దానికి తలవంచడం అలవాటు చేసుకున్నారు. మా అవ్వకు మాత్రం ఆ అలవాటు రాలేదు. ఎవరైనా తన ముందు దొరకదంటే, తననే తిట్టినట్టు ముఖం పెట్టేది. ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. ఊరి బయట పారిశ్రామికవాడలో లోహం పోతపోసే చిన్న షెడ్డు నడుపుతున్నాను. పాత స్పోర్ట్స్ కార్ల ఇంజన్లు గాలి పీల్చుకోవడానికి కొన్ని గొట్టాలు, బూరలు ఉంటాయి. కంపెనీలు వాటిని చేయడం ఎప్పుడో మానేశాయి. మేము చేసి ఇస్తాం. ఆడమనిషివి, ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు అడుగుతుంటారు. ఏదో కాలేజీ పేరు చెబితే వాళ్లకు తృప్తిగా ఉంటుందని తెలుసు, అందుకే చెప్పను.

మాది ఇత్తడి పాత్రలు పోతపోసే ఇల్లు. కొలిమి దగ్గర మా నాయన, మైనం దగ్గర మా అవ్వ. చెంబు చేయాలంటే ముందు దాని లోపలి ఖాళీ ఎంత ఉండాలో అంత మట్టి ముద్ద చేసి ఆరబెట్టాలి. దానిమీద పలచగా మైనం తొడగాలి. ఆ మైనం మీద మళ్లీ మట్టి పూసి కాల్చాలి. మైనం కరిగి కారిపోతే, అది ఉన్న సందులో ఇత్తడి కరిగించి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే చెంబు బయటికి వస్తుంది. మైనం పని ఆడవాళ్లది. నాకు బలపం పట్టుకోవడం కంటే ముందే మైనం ఒత్తడం వచ్చింది, ఆ గర్వం కూడా దండిగానే ఉండేది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఆడపిల్లల బడిలో టీచరు. వాళ్ల నాయన పట్టుచీరల వ్యాపారి. దేశం విడిచి పోతున్న ఒక తెల్లదొర దగ్గర ఆయన ముచ్చటపడి ఎర్ర కారు కొన్నాడు. ఇద్దరికే చోటున్న కారు, టాపు లేదు. ఆ కారులోనే కూతురికి డ్రైవింగ్ నేర్పించాడు. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుంటే, అక్క లేపాక్షి రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయేది. వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్లు నోళ్లు నొక్కుకునేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆయన హఠాత్తుగా పోయాక అక్కకు మిగిలిన సంతోషం ఆ కారొక్కటే.

ధర్మవరంలో అంగడి చూసుకునే వాళ్ల చిన్నాయన ఆ కారును ఓర్వలేకపోయాడు. పెళ్లి కావలసిన పిల్ల మళ్లీ ఆ టాపు లేని కారులో తిరిగితే సంబంధాలు రావని ఆయన బాధ. కారు ఉమ్మడి ఆస్తి, పాత ఇనుముకు తూకానికి వేసేస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు. వాదన ముదిరింది. అన్న పోయినప్పటి నుంచి, ఏడాదిగా ఆ కారు కదలడం లేదని ఆయనకు బాగా తెలుసు. అందుకే పెద్ద మనసు చేసుకున్నట్టు ఒక మాట అన్నాడు. కారు తనంతట తాను నడిచి ధర్మవరంలో తన అంగడి ముందుకొస్తే అది అక్కదే, ఉగాది లోపల రాకపోతే తూకానికే. నలుగురి ముందు అన్నాడు కాబట్టి అక్క సరేనంది.

అక్క బస్టాండు దగ్గరి మెకానిక్కును పిలిపించింది. బ్యాటరీ, ప్లగ్గులు, టైర్లు, అన్నీ సర్దుకున్నాయి. చివరికి కార్బురేటర్ శుభ్రం చేయడానికి విప్పబోతే తుప్పు పట్టిన బోల్టు ఒకటి మొండికేసింది. బలవంతంగా తిప్పేసరికి, కార్బురేటర్ నుంచి ఇంజన్లోకి గాలిని, పెట్రోలు ఆవిరిని తీసుకుపోయే గొట్టం అంచు విరిగింది. అది సత్తుతో, అంటే అల్యూమినియంతో చేసిన గొట్టం. వెల్డింగు పెట్టి అతికించబోతే మరికాస్త కరిగి ఊరుకుంది. ఆ పగులులో నుంచి ఇంజను దొంగగాలి పీలుస్తుంది, రెండు సార్లు దగ్గి ఆగిపోతుంది. మెకానిక్కు బెంగళూరులో తెలిసిన గ్యారేజీలన్నీ తిరిగి వచ్చాడు. అన్ని చోట్లా ఒకటే జవాబు, ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఆ రోజు అక్క విరిగిన ముక్కలు కొంగులో మూటకట్టుకుని మా అరుగు మీదికొచ్చి కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే మా అవ్వ ఓదార్చి పంపేసేదేమో. అక్క పళ్లు బిగించుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంది, ఆ చూపు మా అవ్వకు నచ్చింది. ముక్కలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, దీంట్లో ఏం పోతుందని అడిగింది. గాలి అని చెప్పింది అక్క.

"నీళ్ల చెంబుకు ముక్కు చేసేదాన్ని, గాలికి గొట్టం చేయలేనా" అంది మా అవ్వ.

మా నాయన కొలిమి వదిలి తల్లి దగ్గరికొచ్చాడు. "అది ఇంగ్లీషోళ్ల ఇంజనమ్మా. మనది చెంబుల పని. రేపు అది పేలితే ఎవరు జవాబు చెప్పేది?"

"నేను చెప్తాలే జవాబు. నువ్వు కొలిమి తిత్తి ఊదు."

మెకానిక్కు లారీల పాత పిస్టన్లు తెచ్చి ఇచ్చాడు, గిన్నెల సత్తు కంటే ఆ సత్తు పోతకు బాగుంటుందని. అవ్వ విరిగిన ముక్కలు చేర్చి మైనంతో అతికించి, ఆ గొట్టం లోపలి ఖాళీకి సరిగ్గా మట్టి కడ్డీ చేసింది. దానిమీద మైనం తొడిగాం. పాత గొట్టం మీద ఉబ్బెత్తుగా ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి, చేసిన కంపెనీ పేరు. వాటిని మైనంలో అచ్చుగుద్దినట్టు దించే పని నేను తీసుకున్నాను. ఆ అక్షరాలు ఏమని పలుకుతాయో కూడా నాకు తెలియదు. బడి ఎగ్గొట్టి, మెడ నొప్పి పుట్టేలా కూర్చుని వాటిని దిద్దాను.

పోత బాగా దిగింది. మట్టి పగలగొట్టి తీస్తే గొట్టం తెల్లగా మెరిసింది. నా అక్షరాలు చూసి మా నాయన కూడా నవ్వాడు. మెకానిక్కు దాన్ని తీసుకుపోయి ఇంజనుకు ఆనించాడు. ఒక వైపు రంధ్రం బోల్టు మీద కూర్చుంటే రెండో వైపుది కూర్చోలేదు. తిప్పి పెట్టినా అంతే. గొట్టం పొట్టిదైంది. పెద్ద తేడా కాదు, కానీ ఇంజను కాస్త తేడాను కూడా ఒప్పుకోదు. ఇది మా ఇంట్లోవాళ్లు మాత్రమే చేయగల తప్పు. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. తరాలుగా పోత పోస్తున్నా మాకు ఆ సంగతితో ఎప్పుడూ పని పడలేదు. చెంబు వెంట్రుకవాసి చిన్నదైతే ఏ ఇల్లాలు గమనిస్తుంది?

మెకానిక్కు చేతులు తుడుచుకున్నాడు. మా నాయన 'నేను ముందే చెప్పలేదా' అన్నట్టు చూశాడు. అక్క మాత్రం గొట్టాన్ని ఒడిలో పెట్టుకుని, చిన్నాయనకు కబురు పంపేస్తానంది. ఆమె ఓడిపోయినట్టు మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. నాకు ఏడుపొచ్చింది. మా అవ్వకు కోపమొచ్చింది.

"అచ్చరాలు బాగా కుదిర్నాయి, బోల్టులే కుదర్లేదు" అంది నన్ను చూసి. తర్వాత అక్క వైపు తిరిగి, "కబురు పంపేది నేను చెప్పినాక పంపు పాపా. ఇది ఎంత ముడుచుకుంటాదో దీన్నే అడుగుదాం" అంది.

ఆమె చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. మైనంతో జానెడు పొడవు కడ్డీ ఒకటి చేసింది. అదే పొడవుకు ఒక వెదురు పుల్ల కోసి పక్కన పెట్టుకుంది. మైనపు కడ్డీని మట్టిలో పెట్టి సత్తు పోయించింది. చల్లారిన సత్తు కడ్డీని వెదురు పుల్ల పక్కన పెట్టి చూస్తే, కడ్డీ పొట్టిగా ఉంది. మిగిలిన సందులో బియ్యపు గింజ ఒకటి అడ్డంగా పెట్టింది. సరిగ్గా పట్టింది. జానెడుకు గింజ మందం. అంతే, లోహం తన లెక్క తానే చెప్పేసింది. ఇక మైనాన్ని ప్రతి జానెడుకీ అంత పెంచి చేస్తే సరిపోతుంది.

రెండోసారి మైనం తొడిగాక నేను మళ్లీ అక్షరాలు దిద్దడానికి కూర్చున్నాను. ఈసారి ఇంకా బాగా చేయాలని పట్టుదల. సగం అయ్యేసరికి అవ్వ వచ్చి బొటనవేలితో వాటిని రుద్దేసింది. నున్నగా అయిపోయింది. నాకు దుఃఖం ఆగలేదు. అసలుదాని మీద ఉన్నాయి కదా అని గొడవపడ్డాను.

"అది వాళ్లు చేసినారు, వాళ్ల పేరు పెట్టుకున్నారు. ఇది ఎవరు చేసినారే?" అని అడిగి లేచిపోయింది.

ఆ గొట్టం కుదిరింది. రంధ్రాలు పోతలో వదలకుండా, ఇంజను మీద ఆనించి గుర్తులు పెట్టుకుని తర్వాత తొలిచాం. ఇంజను మొదట కసిరింది, తర్వాత గుర్రుమని అందుకుంది. వీధి వీధంతా బయటికొచ్చింది.

ఉగాదికి ముందే ధర్మవరం బయలుదేరేటప్పుడు మా అవ్వ కూడా వస్తానంది. జవాబు చెప్తానన్నది తనే కాబట్టి పేలితే తన పక్కనే పేలాలట. అక్క స్టీరింగు దగ్గర, అవ్వ పక్కన, నేను అవ్వ ఒడిలో. పెనుకొండ దాకా అవ్వ కొంగు ముఖానికి చుట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునే ఉంది. పెనుకొండ కోట కనిపించినప్పుడు ఒక కన్ను తెరిచింది. చెన్నేకొత్తపల్లి దగ్గర ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. అక్క దిగి, బానెట్ ఎత్తి, అదురుకు వదులైన బోల్టులు బిగించి, చీర కుచ్చిళ్లకు గ్రీజు తుడుచుకుని మళ్లీ ఎక్కింది. ఎవరినీ సాయం అడగలేదు.

అంగడి ముందు ఆగగానే అవ్వ అక్క చేయి పట్టుకుంది. "ఇంజను ఆపొద్దు పాపా." వేడి మీద ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదో మాలో ఎవరికీ తెలియదు. చిన్నాయన బయటికొచ్చాడు. పక్క అంగళ్లవాళ్లు, మగ్గాల దగ్గర్నుంచి లేచొచ్చిన నేతగాళ్లు చుట్టూ మూగారు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ ఎత్తించి లోపలికి వంగి వెతికాడు.

"ఈ గొట్టం కంపెనీది కాదే. యాడా పేరే లేదు. నాటు సరుకు ఇది. నేనన్నది మా అన్న కారును, నాటు కారును కాదు" అని అరిచాడు, ఇంజను చప్పుడులో అరవక తప్పదు కదా.

మా అవ్వ కారు దిగలేదు. కూర్చున్నచోటి నుంచే అంతకంటే గట్టిగా జవాబిచ్చింది. "నాటుదే నాయనా. నాటుది కాబట్టే వచ్చింది. కంపెనీది ఇరిగిపోయి మా అరుగు మీద పడుండాది, కావల్లంటే పంపిస్తా, తూకానికి ఏసుకో."

గుంపులో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. చిన్నాయన ముఖం ఎర్రబడింది. నలుగురి ముందు అన్నమాట, వెనక్కి తీసుకోలేడు. కాఫీ తాగి పొమ్మన్నాడు. "చూసినావు గదప్పా, ఇంక మేము పోతాం" అంది అవ్వ. అక్క గేరు వేసింది. పట్టుచీరల అంగళ్ల మధ్య ఆ ఇరుకు వీధిలో కారును ముందుకీ వెనక్కీ తీస్తూ, ఎవరికీ తగలకుండా తిప్పుకుంది. తిప్పుతున్నంతసేపూ ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

ఆ గొట్టం జీవితాంతం నిలిచిందని గొప్పలు చెప్పను. కొన్నేళ్లకు పగిలింది. మళ్లీ పోశాం. అక్క ఆ కారు నడుపుతూనే ఉంది, తనకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకుంది, ఆ కారులోనే అత్తారింటికి పోయింది. మా అవ్వ మాత్రం మళ్లీ ఎప్పుడూ కారెక్కలేదు. బస్సే నయమంది.

ఈ రోజుకీ నా షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది ఒకటే అడుగుతారు. మా పోత చూసి మెచ్చుకుంటారు, కొలతలు సరిచూసుకుంటారు, తర్వాత గొంతు తగ్గించి, దీనిమీద ఆ కంపెనీ అక్షరాలు కూడా వేసిస్తే అసలుదానిలా ఉంటుంది కదమ్మా అంటారు. వేయడం నాకు చేతకాక కాదు, పదేళ్ల వయసులోనే వేశాను. ఇది అసలుదే అంటాను. ఇది ఎవరు చేశారో మీరే చూశారు కదా అంటాను. మా గొట్టం మీద హిందూపురం అని తెలుగులో ఉంటుంది, అది ఇష్టం లేకపోతే గొట్టం ఇక్కడే పెట్టి పోవచ్చని చెప్పేస్తాను. ఇంతవరకు ఎవరూ పెట్టి పోలేదు.