అన్నయ్య నియమాలు, నా చేతిరాత

మా అన్నయ్య రాత చూస్తే కోడి కెలికినట్టుంటుంది. అందుకే ఆ ఆట నియమాలన్నీ నేను నోటుపుస్తకంలోకి తిరగరాశాను. మా కొంప ముంచింది నా ఆ రాతే.

ఆటంటే గోళీలాట కాదు. మేడంత ఎత్తు మరమనుషులు, లోపల కూర్చుని నడిపే సైనికులు, ఆరు మూలల గళ్ల మీద వంతులవారీగా వేసే ఎత్తులు. అన్నయ్య ఓ కంప్యూటర్ ఆటల కంపెనీలో తప్పులు పట్టే ఉద్యోగి. పగలంతా ఎవరో చేసిన ఆటలు ఆడి, ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద తన అట్టముక్కలు పరిచేవాడు. మరమనుషుల బదులు సీసా మూతలు. విసుక్కుంటూనే అవతలి పక్షం నేను ఆడేదాన్ని.

తన ప్రాణమంతా ఒక్క నియమంలో ఉండేది. తుపాకీ పేల్చినకొద్దీ యంత్రం వేడెక్కుతుంది. ఉన్నవన్నీ ఒకేసారి పేలిస్తే ఆగిపోతుంది. ఇక కదలకుండా నిలబడి దెబ్బలు తినాల్సిందే. నేను ప్రతిసారీ అలాగే ఓడిపోయేదాన్ని. కాస్త ఆగవే అనేవాడు. ఆగితే నేనెందుకవుతాను?

కంపెనీ ఆ ఆట తీసుకుంది, జనానికి తెగ నచ్చింది, వరసగా భాగాలొచ్చాయి. రెండోదాంట్లో మరమనిషి చెయ్యీ కాలూ విడివిడిగా విరగడం వచ్చింది. మూడోదాంట్లో చచ్చిన సైనికుడు మళ్లీ రాడు, జనం ఏడుస్తూ ఆడారు. అయిదోదానికి యజమాని ఆ చావు తీసెయ్యమన్నాడు. అన్నయ్య కుదరదన్నాడు. అన్నయ్యనే తీసేశారు.

మొదటి ఆట వచ్చి ఇరవయ్యేళ్లు నిండాయని కంపెనీ ఆ ఆటల చరిత్రని పుస్తకంగా వేస్తోందని తెలిసింది. అందులో తన పేరుండాలి, అన్నయ్య బతుకులో అడిగింది అదొక్కటే. నోటుపుస్తకం పట్టుకెళ్లాడు. అక్కడి మేనేజరు అన్నయ్యచేత నాలుగు ముక్కలు రాయించి పోల్చి, ఈ రాత మీది కాదుగా అన్నాడట. మరి మీరు రాసిన చిత్తుకాగితాలేవీ అని అడిగాడట. తిరగరాశాక నేనే చింపి చెత్తబుట్టలో పడేశాను.

మొహం వేలాడేసుకుని వచ్చిన అన్నయ్యని చూసి నాకు ఒళ్లు మండింది. మర్నాడు చెప్పకుండా వెళ్లి ఆ మేనేజరుని కడిగిపారేశాను. నియమాలు అన్నయ్యవి, రాత మాత్రమే నాదని అక్కడే రాసి చూపించాను. ఎంత మర్యాదగా విన్నాడో! ఆ మాటే కాగితం మీద పెడదామని టైపు చేయించి తెచ్చాడు. చదవకుండా సంతకం గీకి, గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను.

పుస్తకం వచ్చింది. నియమాలు రాసిన మనిషిగా నా పేరు, కింద నా అక్షరాల ఫోటో. హక్కులన్నీ సంతోషంగా కంపెనీకి ఇచ్చేశానట. అన్నయ్య పేరు కోసం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి వెతికాను. లేదు. ఉత్తరం మీద ఉత్తరం రాశాను. మీ సంతకం ఉందమ్మా అని ఒకటే జవాబు.

అన్నయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"అన్నీ ఒకేసారి పేల్చేశావే."

తను లోపలికెళ్లి సీసా మూతల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇవీ నీవేగా," అన్నాడు.

ఆ తర్వాత ఆ బల్ల దగ్గర నా ఎదురుగా ఎప్పుడూ కూర్చోలేదు.