షిరాబెట్సు వాగు నీళ్ళు

యాసుయో ఉద్యోగమేమిటో ఊరందరికీ తెలుసు గాని, భోజనాల దగ్గర ఎవరూ ఆ ఊసెత్తేవారు కాదు. జపాను ఉత్తరపు దీవి హొక్కైదో తూర్పు తీరంలో ముప్పై రెండేళ్ళపాటు ఆవిడ నక్కల పెంట ఏరింది. షిరాబెట్సు వాగు పొడుగునా నడిచి ఏరుకొచ్చి, వారంపాటు గడ్డకట్టించి, కడిగి, జల్లించి, బద్దెపురుగు గుడ్ల కోసం మైక్రోస్కోపులో వెతికేది. ఆ పురుగు నక్క కడుపులో హాయిగానే ఉంటుంది. పెంటతో వాగులో కలిసిన దాని గుడ్డు నీళ్ళతోపాటు మనిషి లోపలికి పోతేనే కాలేయాన్ని కొరుక్కు తింటుంది. యాసుయో తండ్రి నలభై నాలుగో ఏట పోయింది దానివల్లే.

పరిశోధనశాలలో గదులు మూడే. మొదటి గదిలో కుదో, చలికి పెళుసెక్కని ఉక్కు కోసం రోజంతా కడ్డీలు విరగ్గొట్టేవాడు. రెండో గదిలో ఆయాసం రోగులు పీల్చే పొడిమందు తయారయ్యేది. చివరి గది, గాలివాటం చూసి మరీ ఇచ్చినట్టు, యాసుయోది. గుడ్లు జారిపోని జల్లెడ దొరక్క ఆవిడ తిప్పలు పడుతుంటే, మందు గదివాళ్ళు తమ సన్నటి తీగవల ముక్కొకటి ఇచ్చారు, కుదో దానికి ఉక్కు చట్రం బిగించాడు.

"నా ఉక్కు రైలు పట్టాలకి పోతుందనుకున్నానండీ. చివరికి పెంటపాలయింది!" అనేవాడు కుదో.

"పట్టాలైతే రైలు తొక్కేది. ఇక్కడ రోజూ స్నానం చేయిస్తున్నానుగా!" అనేది యాసుయో.

మూడింటికి అందరూ స్టవ్వు చుట్టూ చేరి ఎండుచేప కాల్చుకునేవారు. ఎంత మంచి రోజులవి! ఇప్పుడు తలుచుకుంటే ఆ కంపు కూడా ముద్దొస్తుంది ఆవిడకి.

ఏటా మంచు కరగ్గానే వాగు ఒడ్డున "పచ్చి నీళ్ళు తాగరాదు" అన్న బోర్డుకి రంగు వేసేది కూడా ఆవిడే. చిన్నప్పుడు అక్కడే బోర్లా పడుకుని, మూతి ముంచి, పళ్ళు జివ్వుమనేలా తాగింది మరి. చేపపిండిలో మందు కలిపి నక్కలకి వెయ్యడం మొదలెట్టాక గుడ్లు తగ్గాయి. వరసగా మూడేళ్ళు ఒక్కటీ కనబడకపోతే బోర్డు తీసేస్తామన్నారు అధికారులు. రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడే ఆవిడ ఉద్యోగానికి ఆఖరి ఏడు.

ఇంట్లో తల్లి తోమెకి తొంభై ఒకటి. ఆవిడది ఒకటే పాట. "ఆ బోర్డెప్పుడు పీకుతావే? పోయేలోగా ఒక్క గుక్క తాగాలి."

ఆ ఏడు శరత్కాలం చివర, ఆఖరి సంచిలో, ఒక గుడ్డు కనబడింది. యాసుయో స్లైడు మార్చి చూసింది, కళ్ళద్దాలు తుడిచి చూసింది. గదిలో ఎవరూ లేరు. ఒక్కటే కదా, చూడనట్టు కడిగేస్తే అడిగేవాడు లేడు. చివరికి పుస్తకంలో "ఒకటి" అని రాసింది. రాశాక ఏడ్చింది.

ఇంటికెళ్ళి తల్లికి చెప్పింది.

"మంచిపని చేశావు. పిల్లలు తాగే నీళ్ళు," అంది తోమె. తరవాత, "అవునుగాని, ఆ రోగం పైకి తేలడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"పదేళ్ళు. ఇంకా ఎక్కువే పట్టచ్చు."

"నాకు తొంభై ఒకటి. లెక్కలు నీకే బాగా వచ్చు కదే!"

ఊళ్ళో పిల్లల్ని వాగు దగ్గర్నుంచి తరిమి తరిమి కొట్టిన యాసుయో, మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఆ బోర్డు పక్కనే వంగి, సీసాలో పచ్చినీళ్ళు పట్టుకొచ్చింది. తోమె గ్లాసు రెండు చేతులా పట్టుకుని సగం తాగింది.

"అలాగే ఉందా అమ్మా, రుచి?"

"రుచెవరిక్కావాలి?" అంది తోమె. "ఇంట్లో బావి ఉండగా, చల్లగా ఉంటాయని పొలంలో ఉన్న మీ నాన్నకి వాగు నీళ్ళు మోసింది నేనే. రోజూ."

ముప్పై రెండేళ్ళు వాగంతా వెతికిన యాసుయో, నాన్నకి ఆ నీళ్ళు తెచ్చిచ్చిందెవరని ఇంట్లో ఒక్కనాడూ అడగలేదు. తల్లి చేతిలోని గ్లాసు తీసుకుని నోటి దగ్గర పెట్టుకోబోయింది.

తోమె ఆ చేతిమీద చెళ్ళున ఒకటి వేసింది.

"నీకింకా పదేళ్ళు ఉన్నాయే పిచ్చిదానా," అని గ్లాసు లాక్కుని, మిగతా నీళ్ళు కూడా తనే తాగేసింది.