మంచు మీద నాటిన కొమ్మలు

ఆ సాయంత్రం మా చెల్లెలు రిస్తెన్ పొయ్యి ముందు కూర్చుని జింకతోలు బూట్లలో ఎండుగడ్డి కూరుతోంది. మేజోళ్ల బదులు మేం వాడేది అదే. గడ్డిని అరచేతుల్లో నలిపి మడమ దగ్గర గుండ్రంగా సర్దడం అమ్మ నేర్పిన పని. బూట్ల మీద చుట్టే అమ్మ నేసిన ఎర్ర పట్టీలు రిస్తెన్ మెడలో వేలాడుతున్నాయి. ఇంకాసేపట్లో ఊరి సినిమా పండగలో ఆమె తీసిన సినిమా వేస్తారు. అమ్మమ్మ పుట్టిన ఊరి కథ అది. ఆనకట్ట కట్టాక ఆ ఊరు సరస్సు అడుగున ఉండిపోయింది.

మునిగినదాన్ని లేపొద్దని మా మేనమామ నిల్లా మొదటి నుంచీ అంటూనే ఉన్నాడు. సినిమా తీయడం మొదలుపెట్టినప్పటి నుంచి రిస్తెన్‌తో మాట్లాడటం లేదు. ఆమెకు ఊరంతా ఒక ఎత్తు, మామ ఒక్కడూ ఒక ఎత్తు.

"అక్కా, మామ వస్తాడంటావా?"

"వస్తే రాళ్లు పట్టుకునొస్తాడు."

"మనూరి రాళ్లన్నీ నీళ్లకిందే ఉన్నాయిలే," అని నవ్వింది.

అంతలో అత్త ఫోన్ చేసింది. విని రిస్తెన్‌కు చెప్పాను. "బయలుదేరాడటే! ముసలాళ్లను కూడా ఎక్కించుకుని సరస్సు మీదుగా వస్తున్నాడట. కొమ్మలు నాటి ఉన్నాయట, నిన్న కొండ మీంచి చూశాడట."

గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు కన్నం పెట్టి మందం చూసినవాడే దారి పొడుగునా భూర్జ చెట్టు కొమ్మలు నాటుతాడు. కొమ్మ కనిపిస్తే మాలో ఎవరూ అనుమానించరు. కానీ ఆ సరస్సులో నీళ్లను చలికాలమంతా ఆనకట్టవాళ్లు లాగేస్తుంటారు. పైన మంచు పలక అలాగే వేలాడుతుంది, కింద డొల్ల. లోపలి నుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు ఆ నెలంతా మోగుతూనే ఉంది.

రిస్తెన్ చేతిలో గడ్డి ఆగింది.

"మామకు ఫోన్ చెయ్యి."

"ఆ కొండ దాటాక సిగ్నలెక్కడిదే?"

పాత రబ్బరు బూట్లు తొడుక్కుంది. పట్టీలు మెడలోనే ఉన్నాయి. "మొదలయ్యేలోపు వచ్చేస్తా."

"మామంటే అంత భయమా? పారిపోతున్నావా?"

మంచుబండి చప్పుడు ఎగిరే మంచులో కలిసిపోయింది.

మా పండగలో మంచుతో కట్టిన గోడే తెర. జనమంతా తోళ్లు పరుచుకుని కూర్చున్నాక, బొమ్మ మొదలయ్యే వేళకి నిల్లా మామ గొణుక్కుంటూ వచ్చాడు.

"నిన్న కనబడ్డ కొమ్మలు ఇవాళ ఒక్కటీ లేవు. గాలికి పోయాయో ఏమో! ఒడ్డంతా చుట్టి వచ్చేసరికి నడుం పడిపోయింది. ఏదే మన దొరసాని?"

"బయటికెళ్లింది మామా."

"నన్ను చూసి దాక్కుందా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సినిమా చివరి దృశ్యం నడి చలికాలంలో తీసింది. అవతలి ఒడ్డు నుంచి మంచు మీద ఒక కొమ్మల వరుస మొదలై, సరస్సు నడిమధ్యకు, సరిగ్గా అమ్మమ్మ ఇంటి మీదికి వెళ్లి ఆగిపోతుంది. మామ లేచి నిలబడ్డాడు. ఆయన నీడ గోడ మీద కొమ్మల మధ్య పడింది.

"అది దారి కాదు," అన్నాడు. "సినిమా కోసం నాటింది. ఇప్పుడక్కడ కింద నీళ్లే లేవు. నేను నిన్న చూసింది ఈ కొమ్మల్నే." తర్వాత నా వైపు తిరిగాడు. "పిల్ల ఎటెళ్లింది?"

ముందు వరసల్లో వాళ్లకు ఇదేమీ వినబడలేదు. చప్పట్లు కొడుతున్నారు.

మామ ఒక్కడే ముందుగా వెళ్లాడు. మిగతావాళ్లు చేరేసరికి సరస్సు మీద పెద్ద కన్నం, ఒడ్డున ఆమె బండి, దాని పక్కన మామ. మేనమామకు జడిసి పారిపోయి దారి తప్పిందని ఊరు చెప్పుకుంది. ఆయన కాదనలేదు. నేనూ సగం నమ్మాను, ఆయనతో మాట మానేశాను.

ఏళ్ల తర్వాత మామ మంచాన పడ్డాక కబురు పెట్టి నన్ను పిలిపించుకున్నాడు. మంచం కింద నుంచి ఒక కట్ట లాగించాడు. ఎండిన భూర్జ కొమ్మలు, అమ్మ నేసిన ఎర్ర పట్టీలతో కట్టి ఉన్నాయి.

"ఇది పిల్ల బండి సీటు మీద ఉందే. నేను దిగే ఒడ్డు నుంచి మొదలెట్టి పీక్కుంటూ పోయింది. చివరిదొక్కటే మిగిలింది, దాని కోసం నడిచెళ్లింది."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మామా?"

"నా కోసం పోయిందని చెప్పడానికి నోరు రాలేదే."

కట్ట మీద చెయ్యి వేసి మళ్లీ అన్నాడు. "బండిని ఒడ్డుకు లాక్కొచ్చింది నేనే. పిల్ల ఆపినచోట బండి ముక్కు పండగ జరిగే వైపు తిప్పి ఉంది."