మరవ మూసిన ఆట

నాకు ఆటలు రావు. చిన్నప్పుడు గోలీలు కూడా సరిగ్గా కొట్టలేదు. అలాంటివాణ్ణి ఇరవై ఆరేళ్ళ వయసులో, పట్టపగలు, పాకాలలో ఒక పెంకుటింటి వసారాలో కూర్చుని చింతపిక్కలతో రాజ్యాలేలడం నేర్చుకున్నానంటే అది సరదాకు కాదు. ఉద్యోగం పోయింది. చేయడానికి ఇంకేమీ లేదు.

అంతకు ముందు నేను రైలింజను ఫైర్‌మన్‌ని. బొగ్గు ఇంజన్ల కాలం. డ్రైవరు బండి నడుపుతాడు, ఫైర్‌మన్ పారతో బొగ్గు వేస్తూ నిప్పు చూసుకుంటాడు. మా డ్రైవరుకు యాభై దాటాయి. నాకు చుట్టం కాదు, పక్కం కాదు. నాలుగేళ్ళు ఒకే ఇంజను మీద, ఒకే సెగలో నిలబడ్డాక మామా అని పిలవడం అలవాటైపోయింది. ఆయన భార్య అత్త అయింది. వాళ్ళకు పిల్లల్లేరు.

ఆ ఏడు ఎండాకాలంలో రైళ్ళ సమ్మె వచ్చింది. మామకు సమ్మె అంటే భయం. "మనకెందుకప్పా, నాకింకా ఆరేండ్ల సర్వీసుండాది" అన్నాడు. నాకేమో ఒళ్ళంతా ఆవేశం. మీటింగుల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. ఆ రోజు పొద్దున షెడ్డులో ఇంజను సిద్ధంగా ఉంది. నేను పార కింద పడేసి, "నువ్వు నడుపుకో మామా, నేను బొగ్గెయ్యను" అని దిగాను. ఫైర్‌మన్ లేకుండా ఇంజను కదలదు. కావాలంటే ఆయన ఇంకొకణ్ణి ఎక్కించుకుని బండి తీసుకుపోవచ్చు. పోలేదు. నా వైపు ఒకసారి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుని, నా వెనకే దిగాడు. ఆయన్ను సమ్మెలోకి దించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పాలంటే నోరు రాదు.

సమ్మె మూడు వారాల్లో ఉసూరుమని ముగిసింది. అందరూ ఒక్కొక్కరే వెనక్కి పోయారు. మా ఇద్దరితో పాటు ఇంకో నలుగురికి తీసేసినట్టు కాగితాలు వచ్చాయి. క్వార్టర్సు ఖాళీ చేయమన్నారు. నా భార్యకు అప్పుడు ఏడో నెల. దామలచెరువులో పుట్టింటికి పంపించాను. ఆడబిడ్డ పుట్టింది. చూడ్డానికి పోతే పిల్లనిచ్చిన మామగారు వాకిట్లోనే ఆపి, మర్యాదగానే చెప్పాడు. "ఉద్యోగం సూసుకోనొచ్చి తీసకపో అల్లుడా. అంతవరకూ తల్లీబిడ్డా ఈడే ఉంటారు." ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నాకే తిండి లేదు. బిడ్డ నిద్రలో ఉంది, లేపొద్దన్నారు. నిద్రపోతున్న మొహం చూసి తిరిగొచ్చాను. పాకాలకు దామలచెరువు పక్క స్టేషనే. ఆ తర్వాత అయిదు నెలలు నేను ఆ పక్క స్టేషనుకు పోలేకపోయాను.

మామ లైను పక్కనే ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. నేను దగ్గర్లో ఒక గదిలో ఉండి, పూటకు అక్కడికే పోయేవాణ్ణి. అత్త నన్ను రమ్మని పిలిచింది లేదు, వద్దన్నది లేదు. మూడో సంగటి ముద్ద చేసి పెట్టేది, అంతే.

మామ ఆ ఆటను ఎప్పుడో, పెళ్ళైన కొత్తలో తయారుచేశాడట. పాత దుప్పటి ముక్క మీద మన చిత్తూరు సీమ అంతా గీశాడు. కొండలు, వంకలు, ఏర్లు, ఊళ్ళు. చింతపిక్క అంటే ఒక కాపురం. గులకరాయి అంటే కోట. అత్త పగిలిన నీలం గాజుల ముక్కలు చెరువులు. ఒక్కొక్క ఆటగాడూ ఒక పాళెగాడు. వంతుకు ఒక ఏడు. ఏడాదికి ఒక్క పనే చేయాలి. చెరువు తవ్వుకుంటావో, కోట కట్టుకుంటావో, కాపురాలను కొత్త ఊరికి పంపుకుంటావో నీ ఇష్టం. ఆ తర్వాత నాలుగు గవ్వలు వేస్తే ఆ ఏటి వాన తేలుతుంది. నీళ్ళున్న ఊళ్ళో పిక్కలు పెరుగుతాయి. లేని ఊళ్ళో తీసేయాలి. చివరికి ఎవరి ఊళ్ళు ఎక్కువైతే వాళ్ళది సీమ.

దినానికి అయిదారు ఏళ్ళు ఆడేవాళ్ళం. వారానికల్లా వసారాలో ఒక తరం గడిచిపోయేది. బయట మా కాగితం సంగతి ఒక్క అంగుళం కదిలేది కాదు.

మొదటి ఆటలో నేను చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టుకోబుద్ధేస్తుంది. పాకాల, దామలచెరువు, పీలేరు, కలికిరి అని వరసగా పట్టుకుంటూ పోయాను. ఎందుకు? నాకు తెలిసిన ఊళ్ళు అవే కాబట్టి. లైను మీద ఉన్న ఊళ్ళే నాకు లోకం. చెరువు ఒక్కటీ తవ్వలేదు. మూడేళ్ళు వరసగా గవ్వలు బోర్లా పడ్డాయి, చుక్క వాన లేదు. నా పిక్కలన్నీ మామ ఏరి డబ్బాలో వేసుకున్నాడు.

"చెరువు తవ్వాలని తోచలేదా నీకు?" అన్నాడు.

"స్టేషన్లో నీళ్ళుంటాయి కదా మామా" అన్నాను.

ఆయన చేతిలో డబ్బా కింద పెట్టాడు. "ఇంజను నీళ్ళు తాగే చోటంతా మనుషులకు నీళ్ళుంటాయనుకుంటివా? పాకాలలో ఆడోళ్ళు బిందెలెత్తుకోని స్టేషనుకు యాల వస్తా ఉండారు? ఊర్లో నీళ్ళు లేకనే కదప్పా."

అత్త లోపల్నుంచి, "నాలుగేండ్లు ఆయన పక్కనే నిలబడినావు, బొగ్గు దప్ప ఏమీ సూళ్ళేదా?" అంది. వాళ్ళిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నవ్వు వినపడింది ఆ ఒకటి రెండుసార్లే.

రెండో ఆటలో బుద్ధి తెచ్చుకుని చెరువులు తవ్వాను. కోటలు కట్టలేదు, మామ నడిచొచ్చి నా చెరువులన్నీ పట్టుకుపోయాడు. మూడో ఆటలో కోటలు కట్టాను. కోటల్లో కూర్చున్న నా జనం తిండి లేక పోయారు. ఆయన నాకు కిటుకులేమీ చెప్పేవాడు కాదు. ఇంజను మీదా అంతే. పార ఎలా పట్టాలో చెప్పడు. నిప్పు తప్పు పడితే, "సూడు" అని వేలు చూపిస్తాడు. చూసి చూసి నేర్చుకోవాలి.

ఆడుతుండగా బండి పోతే మాత్రం ఆయన చెయ్యి ఆగిపోయేది. చెవి అటు పెట్టేవాడు. "ఎవురో కొత్తోడు. నీళ్ళెక్కువ పట్టించినాడు, ఇంజను కక్కతా ఉండాది" అనేవాడు. ఆ కూత దూరమయ్యేదాకా పిక్క వేలి మధ్యలోనే ఉండేది. ఆ మనిషికి ఇంజను తప్ప వేరే లోకం లేదు. ముప్పై ఏళ్ళు దాని మీదే నిలబడ్డాడు. నా వల్ల ఇలా నేల మీద చతికిలబడ్డాడు. క్షమించమని అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. అడగలేదు. వంతు నాదే కదా అని గవ్వలు వేసేవాణ్ణి.

అయిదో నెలకు నాకు ఆట పట్టుబడింది. స్వర్ణముఖి దిగువన చంద్రగిరి వైపు మామ రాజ్యం. పాకాల పైన, కొండల్లో, ఎగువ చెరువులు నావి. మా సీమలో చెరువులు గొలుసుగా ఉంటాయి. పై చెరువు నిండి, మరవ మీంచి నీళ్ళు పొర్లితేనే కింది చెరువుకు నీళ్ళు. మరవ అంటే కట్టకు పక్కన రాయితో కట్టిన పొర్లుబాట. దాని ఎత్తు ఎవరూ మార్చకూడదు. మార్చితే కింది ఊరు ఎండిపోతుంది. ఊళ్ళలో తలలు పగిలేది దీనికోసమే. మామ గీసిన పటంలో ప్రతి మరవకూ ఒక ఎర్ర గీత ఉంది. ఆ గీత మీద పిక్క పెడితే మరవ మూసినట్టు. ఆటలో అందుకు చోటుంది. కానీ ఆయన ఎప్పుడూ పెట్టలేదు.

ఒక మంగళవారం మామ ఎక్కడికో పోయొచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "యాడికి పోయింటివి మామా?" అంటే, "రేణిగుంటకు, రోంత పనుండె" అన్నాడు. ఆ రోజు ఆయన ఆట ఆటగా లేదు. కోట కట్టాల్సిన చోట చెరువు తవ్వాడు. రెండుసార్లు నా వంతు కూడా తనే ఆడబోయాడు. మరునాడూ అంతే. నేను సందు చూసుకున్నాను. గురువారం, ఆ ఏటి పనిగా, నా ఎగువ చెరువుల మరవలన్నింటి మీదా వరసగా పిక్కలు పెట్టేశాను.

మామ దుప్పటి వైపు చూసి, "అది ఆటలో ఉండాది గానీ, ఎవురూ చెయ్యరప్పా" అన్నాడు.

"ఆటే కదా మామా" అన్నాను.

"ఆటే" అన్నాడు. గవ్వలు తీసుకుని వేశాడు. మంచి వాన పడింది. నా చెరువులు నిండాయి. ఆయన చెరువుల్లో చుక్క లేదు. శనివారానికల్లా చంద్రగిరిలో ఒక్క పిక్క మిగల్లేదు. అన్నీ నేనే ఏరుకున్నాను. జన్మలో నేను గెలిచిన మొదటి ఆట అది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పూట నాకు గర్వంగానే ఉండింది. అత్తకు కూడా చెప్పాను. ఆమె సంగటి ముద్ద పళ్ళెంలో వేసి లోపలికి పోయింది.

ఆ పై మంగళవారం నాకు రైల్వే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పోతే, అధికారి కుర్చీ వేయించాడు. కాఫీ తెప్పించాడు. ఒక కాగితం ముందుకు జరిపాడు. నా అంతట నేను సమ్మెలోకి పోలేదని, ఫలానా వ్యక్తి నన్ను బెదిరించి ఇంజను మీంచి దింపాడని అందులో టైపు చేసి ఉంది. ఫలానా అన్నచోట ఖాళీ. "మీ డ్రైవరే కదా? పెద్దవాడు చెప్తే చిన్నవాడు వినక ఏం చేస్తాడు. పేరు రాసి సంతకం పెట్టు, సోమవారం డ్యూటీ ఎక్కు" అన్నాడు.

కాదు, దింపింది నేను అని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి కాఫీ తాగాను. నిద్రలో ఉన్న బిడ్డ మొహం కళ్ళ ముందుకొచ్చింది అని రాస్తే బాగుంటుంది. అబద్ధం. నాకేమీ రాలేదు. కలం ఆయన జేబులోంచి తీసిచ్చాడు, నేను రాశాను. ఇంటిపేరుతో సహా, అక్షరం తప్పు లేకుండా రాశాను.

మామతో, డ్యూటీలోకి తీసుకుంటున్నారని మాత్రం చెప్పాను. ఎలాగో చెప్పలేదు. ఆయన అడగలేదు. "మంచిదిరా. బిన్నా పోయి, ఆలస్యం చెయ్యకుండా బిడ్డను తెచ్చుకో" అన్నాడు. నేను ఆ ఆదివారమే దామలచెరువు పోయి తల్లినీ బిడ్డనూ తీసుకొచ్చాను. ఆ ఇంటి వసారా మళ్ళీ తొక్కలేదు.

కొన్నేళ్ళకు, పైన ప్రభుత్వం మారాక, మిగిలిన నలుగురినీ పనిలోకి తీసుకున్నారు. మామను తీసుకోలేదు. బెదిరించి సమ్మె చేయించినవాడని ఆయన ఫైల్లో ఉండిపోయింది. రాసిచ్చింది ఎవరో కూడా అందులో ఉంటుంది కదా, ఆయనకు పంపిన కాగితంలో నా పేరు, నా నంబరు ఉన్నాయట. ఆ సంగతి షెడ్డులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. మామ చిత్తూరులో ఒక బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పనికి కుదిరాడు. ఇంజను నడిపిన చేత్తో ఊక ఎగదోశాడు. చిత్తూరు ప్లాట్‌ఫారం మీద ఒకటి రెండుసార్లు దూరంగా కనిపించాడు. నేను ఇంజనులో అవతలి వైపుకు తిరిగి నిలబడ్డాను.

ఎనభైల్లో ఆయన పోయాడు. అప్పటికి నేనూ డ్రైవరునయ్యాను. పదకొండో రోజు దాటాక, మనసు ఉండబట్టక, చిత్తూరులో వాళ్ళింటికి పోయాను. అత్త చాప వేసింది. కూర్చున్నాను. చివరికి, "అత్తా, మామ పేరు రాసిచ్చింది నేనే" అన్నాను.

"తెలుసు నాయనా" అంది. చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగలేదు. "నీకంటే వారం ముందు ఆయన్నీ పిలిచినారు, రేణిగుంటకు. ఆయన కాగితంలో ఖాళీ కూడా పెట్టలేదంట. నీ పేరు వాళ్ళే కొట్టి పెట్టినారంట. సంతకం ఒకటే తక్కువ."

"అది నిజమే కదత్తా. దింపింది నేనే కదా" అన్నాను.

"నిజమేనని ఆయనకు తెలీదా? నేను కూడా అదే అడిగితి, నిజమే కదా, పెట్టేసి రాకూడదా అని. వాడు పసిబిడ్డను తెచ్చుకోవాల గదే అన్నాడు. అంతే. ఆ పొద్దు వచ్చి నీతో ఆడుకుంటా కూసున్నాడు."

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణి. కాఫీ పెట్టేదా అని అడిగింది. వద్దన్నాను. మధ్యాహ్నం బండికి నాకు డ్యూటీ ఉంది. లేచి చెప్పులు వేసుకుని స్టేషనుకు పోయాను.