నల్లబీరు బరువు

బీరు కాచే అతన్ని ఆ వీధిలో అందరూ చిక్కన్న అనేవారు. మనిషి బక్కగా, చిక్కిపోయి ఉంటాడు గనుక ఆ పేరు పెట్టారని కొత్తవాళ్లు అనుకునేవారు. నిజానికి చిక్కదనం లేని బీరు బీరే కాదని కనబడ్డవాడికల్లా చెప్పి చెప్పి ఆ పేరు సంపాదించుకున్నాడు. అతని చేతి నల్లబీరుకు మంచి పేరుంది. గ్లాసులో పోస్తే అవతలి దీపం కూడా కనబడదు. తాగినవాళ్లు మూతి తుడుచుకుని, "అబ్బ, భోజనం చేసినట్టుంది" అనేవారు. ఆ మాట వింటే చాలు, చిక్కన్నకు ఆ పూట ఆకలి ఉండేది కాదు.

బీరుశాల అతని అక్కది. బావ పోయాక ఆవిడే నడుపుతోంది. ఎండలు ముదిరిన ఏడు నల్లబీరు అడిగేవాళ్లు తగ్గిపోయారు. అక్క తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, ఈసారి ఆ బంగారు రంగు బీరు, లాగర్ చెయ్యి."

"గ్లాసులు కడిగిన నీళ్లు పట్టి ఇస్తా, అమ్ముకో."

"నీళ్లయినా సరే, చల్లగా ఉంటే చాలు. ట్యాంకు ఖాళీ చెయ్యి."

అక్క మాట కాదనలేడు, అలాగని మనసు పెట్టనూ లేడు. పని మాత్రం చేశాడు. లాగర్‌ను పులియబెట్టే ఈస్ట్ చలిలో మెల్లగా పనిచేస్తుంది. ఆ పని అయ్యాక కూడా బీరును వారాల తరబడి చల్లటి ట్యాంకులో ఊరనివ్వాలి. చిక్కన్న నల్లబీరుకు చేసినట్టే వెచ్చగా ఉంచి, తొందరగా దింపేశాడు. గ్లాసులోంచి గుప్పున వెన్న వాసన వచ్చింది. నల్లబీరులో అయితే రంగు కోసం వేసే మాడిన గింజల వాసన కింద ఇలాంటివి ఎన్నో దాక్కునేవి. లాగర్‌లో దాక్కోవడానికి చోటేదీ? తాగేవాళ్లు ఒక గుక్క తాగి గ్లాసులు వెనక్కి తోసేశారు.

"చెప్పానా? లాగరంటే ఇంతే," అన్నాడు చిక్కన్న, ఆనందం దాచుకోలేక.

దర్జీ పని చేసే అతని భార్య ఆ మాట విని ఊరుకోలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. ముతక గుడ్డ మీద కుట్టు వంకర పోయినా ఎవరికీ కనబడదండీ. పలచటి గుడ్డ మీద కుట్టి చూపించమంటే తెలుస్తుంది ఎవరి చెయ్యి ఎంతో!"

ఆ మాట అక్క చెవిన పడింది. మర్నాడు దుకాణం తెరవకముందే తమ్ముణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి, కళ్లకు చేతిరుమాలు కట్టింది. మరదలితో, "వీడి ముక్కు కూడా పట్టుకోవే. నాలుక మీద బరువు తప్ప ఇంకేం తెలియకూడదు," అంది. రెండు గ్లాసులూ బాగా చల్లబరిచి ముందు పెట్టింది.

చిక్కన్న మొదటిది తాగాడు. "పలచన. నోట్లో నిలవదు. వేరేవాళ్ల లాగర్ అయ్యుంటుంది." రెండోది తాగాడు. తల ఊపాడు. "ఇదీ బీరంటే! నిండుగా ఉంది. నా చెయ్యి నాకు తెలియదా?"

అక్క రుమాలు విప్పింది. మొదటి గ్లాసులో ఉన్నది అతని నల్లబీరు. రెండోది పక్క బజారు నుంచి తెప్పించిన బంగారు రంగు లాగర్.

అతని భార్య ముక్కు వదిలేసింది గానీ, అతనికి ఊపిరి తీసుకోవడం వెంటనే గుర్తు రాలేదు.

"ఏదో మోసం చేశావు," అన్నాడు చివరికి.

"కళ్లు తెరిచి మళ్లీ తాగు."

తాగాడు. నల్లగా ఉంది, మాడు వాసన ఉంది, నిజంగానే పలచగా ఉంది. ఆ సాయంత్రం ట్యాంకుల మధ్య ఒంటరిగా కూర్చుని ఆలోచించాడు. బీరుకు చిక్కదనం వచ్చేది రంగుతో కాదు. ఈస్ట్ తినలేక వదిలేసిన తీపి సరుకుతో. మొలకగింజల్ని అతను ఎప్పుడూ తక్కువ వేడిలో నానబెట్టేవాడు. ఆ వేడికి దిగే తీపినంతా ఈస్ట్ ఊడ్చి తినేసేది. చివర్లో పడే ఆ గుప్పెడు మాడిన గింజలే జనం కళ్లకు గంతలు కట్టాయి. అందరికంటే ముందు తన కళ్లకు. ఇక లాగర్ అన్న పేరు చలిలో ఊరడాన్ని బట్టి వచ్చిందే గాని, పలచదనాన్ని బట్టి కాదు. లాగర్లలో నల్లవీ ఉన్నాయి, చిక్కటివీ ఉన్నాయి. ఇదంతా అతనికి పని నేర్చుకున్న రోజుల్లోనే చెప్పారు. అప్పుడు వినలేదంతే.

మళ్లీ లాగర్ కాచాడు. ఈసారి ట్యాంకు జోలికి ఎవరినీ రానివ్వలేదు. "ఇంకా కాలేదా?" అని అక్క అడిగినప్పుడల్లా, "తొందరపడకక్కా, పసిపిల్ల నిద్రపోతోంది" అనేవాడు. అక్కకు ఒళ్లు మండేది.

చివరికి దించాడు. తేటగా, ఏ చెడు వాసనా తగలకుండా వచ్చింది. జనం తాగారు. బాగుందని ఒక్కరూ అనలేదు. క్రికెట్ గురించి, కోడళ్ల గురించి మాట్లాడుకుంటూ, చూడకుండానే గ్లాసు ముందుకు తోసి మళ్లీ పోయించుకున్నారు. చిక్కన్న తలుపు పక్కన నిలబడి, పొగడ్త కోసం చాలాసేపు చూశాడు. ట్యాంకు అడుగంటింది గానీ పొగడ్త రాలేదు.

అయినా అతని ఆశ చావలేదు. లాగర్ ఊరడానికి ఇంకో ట్యాంకు కావాలని పట్టుబట్టాడు. చోటు లేదంది అక్క. నీ ఆఫీసు గది ఉంది కదా అన్నాడు తమ్ముడు. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడా గదిలో ట్యాంకుంది. అక్క కుర్చీ నడవాలోకి వచ్చింది. వచ్చేపోయేవాళ్లందరూ ఆవిడ కాళ్లు తొక్కుతూనే లాగర్ తాగడానికి లోపలికి వెళ్తున్నారు.