గరికకు నీళ్లు పెట్టిన మా మేనత్త

పోయిన బుధవారం పొద్దున మట్మారి దగ్గర ఒక రైతుకు మిరపాకు తిరగేసి పురుగు చూపిస్తుంటే నాయన ఫోన్ చేశాడు. "అత్త లేస్తలేదు బిడ్డా, నువ్వు రా" అన్నాడు. తెల్లారేసరికి వాకిలి ఊడ్చి చీపురు గోడకు ఆనించే మనిషి మా మేనత్త. ఆమె పోయిందని అర్థమై వెంటనే ఊరికి బయల్దేరాను.

రాయచూరు పక్కన కరెంటు ప్లాంటు వచ్చినప్పుడు మా చేను దాని కింద పోయింది. తర్వాత కాలనీ లేచింది, అందులో గెస్ట్ హౌస్, దాని ముందు పచ్చిక. ఆ పచ్చిక పని మేనత్తకు దొరికింది. చిమ్నీ బూడిద ఆకుల మీద పడితే పైపుతో కడిగేది. "ఇదే నేల మీద మీ తాత గరిక పీకి పీకి నడుం వంచుకున్నడు. నేను గదే గరికకు నీళ్లు పెడుతున్న. ఏం రాజ్యమో!" అని నవ్వేది.

ఆమెకు పిల్లలు లేరు. బడి సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయేది. మా ఇంట్లో అక్షరాలు నేర్చిన మొదటిదాన్ని నేనే అయినా, గడ్డిని చదవడం నేర్పింది ఆమే. కాడను రెండు వేళ్ల మధ్య దొర్లించమనేది. మూడు అంచులు తగిలితే తుంగ. దొర్లిపోతే గరిక. తుంగను పైకి గుంజితే కాడ తెగి చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. "తల తెంపితే చుట్టాలను పిలుచుకుంటది" అనేది. నేల తడిపి, కలుపు తీసే ఖుర్పీతో లోతుగా లేపి, దారంలాంటి వేరు వెంట పోయి రెండో గడ్డను, మూడో గడ్డను తీసేది. ఒక్కటి కూడా అక్కడ పడేయకుండా కొంగులో కట్టి సిమెంటు గచ్చు మీద ఎండబెట్టేది. "తుంగ ఎవ్వరికీ భయపడదు. తొందర లేనోళ్లకే భయపడతది."

నేను వ్యవసాయ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నప్పుడు గెస్ట్ హౌస్‌కు పెద్దవాళ్లు వస్తున్నారన్నారు. ఆలోపు తుంగ కనబడకూడదని, లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని సూపర్‌వైజర్ చెప్పి వెళ్లాడు. అప్పటికే అత్త మోకాళ్లు వంగడం లేదు. నేను ముందుకొచ్చాను. "మందు ఉంది అత్తా. ఒక్క పూట పని."

"డబ్బా మీద మంచిగ చదివినవా?"

"చదివిన."

రాయచూరు బజారులో ఆ డబ్బా నేనే కొన్నాను. దాని మీద రాసిన, ఆ మందుకు చచ్చే కలుపుల జాబితాలో తుంగ పేరు కనబడగానే సంబరపడిపోయాను. దాని కింది వరుసలో గరిక పేరు కూడా ఉంది. అదీ చదివాను. మా పుస్తకాల్లోనూ గరిక కలుపే, మా తాత చేనులోనూ కలుపే. ఇక్కడ అదే పంట అన్నది నా బుర్రకు తట్టలేదు. పంపు వీపున వేసుకుని మూల నుంచి మూలకు కొట్టాను.

పది రోజులకు పచ్చిక మొత్తం ఎండిన చొప్పలా అయింది. దాని మధ్య అన్నిటికంటే ముందు మళ్లీ మొలిచింది తుంగే.

సూపర్‌వైజర్ కేకలు వేస్తుంటే నేను పంపు పక్కన నిలబడి ఉన్నాను. మేనత్త నాకు అడ్డంగా వచ్చి నిలబడింది. "నంగ ఓదాక బరంగిల్రీ సార్" అని కన్నడంలో అంది. తనకు చదవడం రాదని, డబ్బా తానే తెచ్చానని, మందూ తానే కొట్టానని చెప్పింది. తనకు చదువు లేదన్న మాటతో నా చదువును కాపాడింది. మర్నాటి నుంచి ఆమెను పచ్చిక మీద అడుగు పెట్టనివ్వలేదు. రోడ్ల మీద బూడిద ఊడ్చే పనికి పంపారు.

ఆ సాయంత్రం నేను ఏడుస్తుంటే కసిరింది. "నోరు ముయ్. నీ పేరు బయటపడితే రేపు ఎవడన్న నిన్ను నమ్మి చేను చూపిస్తడా?" ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఉద్యోగం వచ్చాక కాలనీకి వెళ్లి నిజం చెప్పేస్తానని నాలో నేను అనుకున్నాను. ఉద్యోగం వచ్చింది. పండగలకు చీరలు తెచ్చాను. నిజం మాత్రం తేలేదు.

అత్త పోయిన మూడో రోజు కాలనీలో ఆమెతో పనిచేసిన ఆడవాళ్లు ఏడుగురు పని దిగి మా ఇంటికి వచ్చారు. వాకిట్లో నేల మీదే కూర్చున్నారు. నేను వాళ్ల ముందు కూర్చుని చెప్పాను. మందు తెచ్చింది నేను, కొట్టింది నేను, ఆమె కాదు అని.

అందరిలో పెద్దామె అంది: "అయ్యో పిల్లా, మేము ఆమెను ఎన్నేండ్లు ఆడుకున్నమే! 'డాక్టరమ్మ వచ్చింది, గడ్డికి సూది ఏస్తది' అని రోజూ అంటుంటిమి. నవ్వి ఊరుకునేది. ఒక్కనాడన్న నీ పేరు తీయలే."

"ఇప్పుడు చెప్తే ఏమొస్తది?" అంది ఇంకొకామె. కోపంగానే అంది.

పెద్దామె నా తల మీద చెయ్యి వేయలేదు, లేచి వెళ్లిపోనూ లేదు. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. మనసు ఎక్కడున్నా వాళ్ల చేతులు ఊరుకోలేదు. మోకాళ్లు వంగక అత్త తీయలేకపోయిన వాకిట్లోని పిచ్చి మొక్కలను ఒక్కొక్కటే వేళ్లతో తీస్తున్నారు. తీస్తున్న సంగతి వాళ్లకే తెలియదు. కాసేపటికి నేనూ తీయడం మొదలుపెట్టాను.

పొద్దు గూకాక వాళ్లు వెళ్లిపోయారు. పచ్చటి వాకిట్లో మనిషికొకటి చొప్పున చాపంత వెడల్పున మట్టి నేల బయటపడి ఉంది.